మంచం పట్టె మీద

మా నాయిన నోటి క్యాన్సర్‌తో పోయిండు. 2010 ఎండాకాలం. అప్పుడు నేను పట్నంలో ఎస్సీ హాస్టల్లో ఉండి బీఈడీ చదువుతున్నాను. మా ఇంటిల్లిపాదిలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ని నేనే.

మా ఆకలి గురించి నేను సభల్లో మాట్లాడాను. చెప్పులు కుట్టిన చేతుల గురించి, డప్పు గురించి రాశాను. నాయిన చావు గురించి మాత్రం ఇన్నేళ్లూ ఒక్క ముక్క రాయలేదు. అందులో ఊరి తప్పు ఒక్కటే ఉంటే ఎప్పుడో రాసేవాణ్ని. నా తప్పు కూడా ఉంది.

మాది మాదిగవాడ. ఊర్లో ఎవరు పోయినా మొదటి పిలుపు నాయినకే వచ్చేది. చుట్టాల ఊర్లకు చావు కబురు మోసుకపోవాలె. కట్టెలు మొయ్యాలె. శవం ముందు డప్పు కొట్టుకుంటూ నడవాలె. చావుతో మాకున్న సంబంధం అంత దగ్గరిది. అయితే మనిషి పోయినంకనే మా అవసరం. ప్రాణంతో ఉండి మంచంలో మూలుగుతున్నంత కాలం మేం వాకిలి అవతలనే. ఊర్లో ఎన్ని చావులకు డప్పు కొట్టాడో లెక్కలేదుగాని, ఒక్క పటేలు ఇంట్లో కూడా సచ్చే మనిషి మొకం నాయిన చూసి ఎరగడు.

అటువంటి నాయినకు దౌడ లోపల పుండయింది. చుట్ట తాగే అలవాటు. ముందు పంటి నొప్పి అనుకున్నాడు. పట్నం పెద్ద దవాఖానకు తీసుకపోయే సరికి ఆలస్యమైపోయింది. కరెంటు పెట్టారు. కొన్నాళ్లకు ఒక డాక్టరు కాగితం మీద ఏదో రాసి, నాయిన మొకం చూడకుండానే మా అక్కతో అన్నాడు: “ఇంటికి తీస్కపొండి. ఇంక చేసేదేం లేదు.”

చేసేదేం లేదన్న మనిషి ఆ తర్వాత నాలుగు నెలలు బతికాడు. ఆ నాలుగు నెలలూ నిజంగానే ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఊర్లో ఆరెంపీ డాక్టరు వాకిట్లో నిలబడి, నాయినను బయటికి రమ్మని, నొప్పి సూది పొడిచి పోయేవాడు. ఆ సూది గంటకో రెండు గంటలకో దిగిపోయేది. రాత్రిళ్లు నాయిన తల గోడకేసి కొట్టుకునేవాడు. దౌడకు బొక్క పడింది. తాగిన గంజి అందులోంచి బయటికొచ్చేది. వాసనకు వాడలోవాళ్లు కూడా రావడం తగ్గించారు.

చూసుకున్నది మా అక్కే. నాకంటే ఆరేండ్లు పెద్దది. ఎనిమిది పాసై బడి మానేసింది. మానేసింది అని రాస్తున్నాను గాని, మాన్పించారు. ఇద్దర్ని చదివించే శక్తి నాయినకు లేకపోయింది. నేను మగపిల్లవాణ్ని. అక్క కూలికి పోతే నేను బడికి పోయాను. పెండ్లయి రెండేండ్లకే మొగుడు పోతే మళ్లీ మా ఇంటికే వచ్చింది. ఊరికో ఆశా కార్యకర్త కావాలన్నప్పుడు, ఆ ఎనిమిదో తరగతి కాగితం పనికొచ్చి ఆశాగా చేరింది. కాన్పులకు తోలుకపోవుడు, టీకాలకు పిలుచుడు ఆమె పని. పుండు కడుగుడు ఆమెకెవరూ నేర్పలేదు. ఉప్పునీళ్లు కాచి, పాత చీర చింపి, తనకు తోచినట్టు కడిగేది.

ఒకసారి సెలవుకు ఇంటికొచ్చాను. అక్క పుండు కడుగుతూ, “తమ్మీ, జర నాయిన తల పట్టుకో” అంది. దగ్గరికి పోయాను. వాసన కొట్టింది. నాకు తెలియకుండానే నా చెయ్యి జేబులోకి పోయి దస్తీ తీసి ముక్కుకు పెట్టింది.

నాయిన చూశాడు. అప్పటికే మాట పడిపోయింది. చేత్తో బయటికి పొమ్మని సైగ చేశాడు. కోపంగా కాదు, నన్ను తప్పిస్తున్నట్టు. తర్వాత మొకం గోడ దిక్కు తిప్పుకున్నాడు. నేను అరుగు మీద కూర్చొని పరీక్షకు పుస్తకం తీశాను. అది విద్యా మనోవిజ్ఞానం. పన్నెండు రోజులకు నాయిన పోయిండు. నేను హాస్టల్లోనే ఉన్నాను.

ఊరు ముక్కు మూసుకుంటే దాన్ని అంటరానితనం అన్నాం. కొడుకు ముక్కు మూసుకుంటే ఏమనాలె?

2012 డీఎస్సీలో నాకు సోషల్ టీచరు ఉద్యోగం వచ్చింది. పిల్లలకు పదిహేడో అధికరణం చెప్తాను. అంటరానితనం రద్దయింది అని బోర్డు మీద రాసేటప్పుడల్లా జేబులో దస్తీ గుర్తుకొస్తుంది.

2022లో మా జిల్లా కేంద్రంలో మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఆశాలకు, ఏఎన్ఎంలకు, స్టాఫ్ నర్సులకు, దవాఖానలో ఆయాలకు. మంచాన పడ్డవాళ్లను, బాగుకాని రోగంతో ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లను ఎట్లా చూసుకోవాలో చెప్పే శిక్షణ. పాలియేటివ్ కేర్ అంటారు. తెలుగులో ఉపశమన సేవ అని రాస్తున్నారు. చెప్పే నర్సమ్మ కేరళ నుంచి వచ్చింది. ఇంగ్లీషులో చెప్తుంది. తెలుగు చెయ్యడానికి ఒక మనిషి కావాలన్నారు. అక్క పోయి, “మా తమ్ముడు సారు, చెప్తడు” అంది. నేను పోయాను.

హాలులో మొదటి వరుస కుర్చీల్లో స్టాఫ్ నర్సులు, వాళ్లెనక ఏఎన్ఎంలు, ఆ ఎనక ఆశాలు. ఆయాలు గోడకు ఆనుకొని కింద కూర్చున్నారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇట్లా కూర్చొమ్మని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండానే ఎవరి చోటు వాళ్లకు తెలుసు.

నర్సమ్మ మొదట చెప్పిన మాట, ఏ రోగితోనూ “చేసేదేం లేదు” అనకూడదని. రోగం నయం చెయ్యలేకపోవచ్చు, చెయ్యాల్సింది మాత్రం ఆఖరి శ్వాస దాకా ఉంటుంది అంది. అది తెలుగు చెయ్యబోతే నాకు గొంతు పెగల్లేదు. మంచినీళ్లు తాగి చెప్పాను. వెనక వరుసలో అక్క తల వంచుకుంది.

తర్వాత ఒక్కొక్కటే చెప్తూ పోయింది. కంపు కొట్టే పుండు మీద మెట్రోనిడజోల్ గోలీలు పొడి చేసి చల్లితే వాసన తగ్గుతుంది. పురుగులు పడితే టర్పెంటైన్ నూనెలో ముంచిన దూది పుండు దగ్గర పెడితే అవి పైకొస్తాయి, చిమటాతో ఏరెయ్యాలె. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాలె, లేకుంటే నడుము కింద పుండ్లు పడతాయి. గొంతులో గురగుర వస్తే భయపడొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలె.

నేను తెలుగు చేస్తూ పోతున్నాను. నా తలలో ఒకటే మాట తిరుగుతోంది. గోలీ పొడి. మందుల దుకాణంలో దొరికే మామూలు గోలీ పొడి. అది చల్లి ఉంటే ఆ రోజు నా చెయ్యి జేబులోకి పోయేది కాదేమో.

నొప్పి గురించి చెప్తూ సున్నా నుంచి పది దాకా గీత గీసింది. నొప్పి ఎంతుందో రోగినే అడగాలె, మనం ఊహించొద్దు అంది. అక్క లేచింది. “పదికెన్ని అంటే మా ముసలోళ్లకు తెల్వదు మేడం. రూపాయిల ఎంత అని అడగాలె. చారాణనా, ఆఠాణనా, బారాణనా, నిండ రూపాయా. గట్ల అడిగితే చెప్తరు.” నర్సమ్మకు నేను ఇంగ్లీషు చేసి చెప్పాను. ఆమె సంబరపడి బోర్డు మీద రాసుకుంది. ఆ మూడు రోజుల్లో అక్క మాట బోర్డెక్కడం అదే మొదలు.

నాయిన నొప్పి నిండ రూపాయి. దానికి మందు అప్పటికే ఉంది. మార్ఫిన్. నల్లమందు నుంచి తీసేది. మన దేశంలోనే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో సర్కారు లైసెన్సుతో నల్లమందు పండిస్తారు. 1985లో వచ్చిన మత్తుమందుల చట్టం కింద దవాఖానలు మార్ఫిన్ తెచ్చుకోవాలంటే రకరకాల లైసెన్సులు కావాల్సి వచ్చేది. చాలా దవాఖానలు ఆ జోలికే పోలేదు. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి దారి కొంత సులువు చేసింది. మా నాయిన పోయిన నాలుగేండ్లకు. నొప్పికి సరిపడా మోతాదు డాక్టరు చూసి ఇస్తే భయపడేది లేదని, నొప్పి లేచేదాకా ఆగకుండా నాలుగు గంటలకోసారి గడియారం చూసి ఇవ్వాలని, దానితో మలబద్ధకం వస్తుంది గనుక విరేచనం మందు కూడా తప్పకుండా ఇవ్వాలని నర్సమ్మ చెప్పింది. ఇట్లాంటి సేవ కావాల్సిన వాళ్లలో సుమారు 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మిగిలినవాళ్లలో మా నాయిన ఒకడు.

ఆ రాత్రి ఇంటికి పోయి అవ్వకు ఒక సంగతి చెప్పాను. ఆఖరి రోజుల్లో మనిషికి ఆకలి ఉండదట, ఒళ్లే వద్దంటదట, బలవంతంగా బుక్క పెడితే గొంతుకు అడ్డం పడతదట, తడిగుడ్డతో పెదాలు తడిపితే చాలట అని. అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చింది. “పన్నెండేండ్ల సంది నేను గంజి పొయ్యలేక సంపుకున్న అనుకుంటున్న కొడుకా” అంది. చదువుకున్న కొడుకు ఇంట్లో ఉండి, ఆ మాట చెప్పే మనిషి పన్నెండేండ్లు లేకపోయాడు.

రెండో రోజు నర్సమ్మ బోర్డు మీద నాలుగు గడులు గీసింది. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అనే ఆమె ఉండేది. ముందు నర్సు, తర్వాత సామాజిక కార్యకర్త, ఆ తర్వాత డాక్టరు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ అనే హాస్పిస్ తెరిచింది. సచ్చే మనిషి నొప్పి ఒక్క ఒంటిది కాదు, మనసుది, సమాజానిది, ఆత్మది కూడా, అన్నీ కలిస్తేనే మొత్తం నొప్పి అని ఆమె చెప్పింది. ఆ నాలుగే ఈ నాలుగు గడులు.

నేను తెలుగు చెయ్యడం ఆపి అడిగాను: “మేడం, కులం ఏ గడిలో రాయాలె?”

ఆమె కొంచెం ఆలోచించి సమాజం గడి చూపించింది. నేను కాదన్నాను. మా నాయినను ఆరెంపీ వాకిట్లోకి రమ్మని పొడిచిన సూది ఒంటి గడిలో రాయాలె. కొడుకు ముందు మొకం గోడకు తిప్పుకున్నది మనసు గడిలో రాయాలె. ఊరందరి చావుకూ డప్పు కొట్టిన మనిషి చావుకు ఊరు రాకపోవడం సమాజం గడిలో రాయాలె. గుడి మెట్టెక్కనియ్యని దేవుణ్ని ఆఖరి నిమిషంలో తలుచుకోవాలా వద్దా అన్నది ఆత్మ గడిలో రాయాలె. ఒక గడిలో పట్టేది కాదది అన్నాను. ముందు వరుసలో ఒకామె, “ఇక్కడ కూడా కులమేనా సార్” అంది, మెల్లగానే.

ఆమెకు అంబేడ్కర్ రాసిన ఒక సంగతి చెప్పాను. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఉంది. కాఠియవాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు. భార్య బాలింత, జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. రోగిని వాడ బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. తీసుకొస్తే థర్మామీటరు తన చేత్తో పెట్టలేదు. ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను పంతులుకిచ్చాడు, పంతులు భార్యకు పెట్టాడు. మళ్లీ అదే దారిలో వెనక్కి తీసుకున్నాడు. ఆమె బతకలేదు. ఆ పంతులు రాసిన ఉత్తరం 1929 డిసెంబరులో గాంధీ పత్రిక ‘యంగ్ ఇండియా’లో అచ్చయింది. ఆ డాక్టరుకు చదువు తక్కువై కాదు, థర్మామీటరు లేక కాదు. చెయ్యి చాపడం రాలేదు. ఆయన శిక్షణలో ఆ పాఠం లేదు.

మూడో రోజు నటించి చూపించే పాఠం. రోగికి చెడ్డ సంగతి ఎట్లా చెప్పాలె. నిలబడి చెప్పొద్దు, కూర్చోవాలె. రోగి కండ్లకు మన కండ్లు సమానంగా ఉండాలె. మంచం పక్కన కుర్చీ లేకుంటే అడిగి మంచం పట్టె మీదనే కూర్చోవచ్చు. అతనికి ఏమి తెలుసో ముందు అడగాలె. చెయ్యి పట్టుకోవాలె.

అక్క మళ్లీ లేచింది.

“మేడం, పటేలింట్ల మంచం పట్టె మీద నేనెట్ల కూసోవాలె?”

హాలు చప్పుడు లేకుండా అయిపోయింది. నేను ఇంగ్లీషు చేశాను. నర్సమ్మ మా ఊర్లో అయితే అంటూ మొదలుపెట్టి ఆపేసింది. కేరళలో వాడవాడకూ వాలంటీర్లున్నారని, 2008లోనే అక్కడి ప్రభుత్వం దీనికొక విధానం తెచ్చిందని అంతకుముందే చెప్పింది. ఈ ప్రశ్నకు జవాబు ఆ విధానంలో లేదు కావొచ్చు. వెనక నుంచి ఇంకో ఆశా అడిగింది: “ఏఎన్ఎం మేడం మా వాడకొస్తే మంచం మీద కాదు, అరుగు మీద గుడ కూసోదు. గామె ఎట్ల కూసోవాల్నో గది గుడ చెప్పుండ్రి.” ఇద్దరు ఏఎన్ఎంలు లేచి బయటికి పోయారు. కాసేపటికి మళ్లీ వచ్చారు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

జవాబు మరుసటేడు పటేలమ్మ మంచం దగ్గర అక్కే వెతుక్కుంది.

పటేలమ్మది రొమ్ము క్యాన్సర్. డబ్బున్నోళ్లు. కార్పొరేటు దవాఖానలో పెట్టి, అక్కడా అయిపోయాక ఇంటికి తెచ్చారు. టౌను నుంచి జీతానికి పెట్టుకున్న పిల్ల పుండులో పురుగులు చూసి రాత్రికి రాత్రి పోయింది. చిన్న పటేలు మా వాడకు మనిషిని పంపాడు. మా అక్క దొడ్డిదారిన పోయింది. జిల్లా నుంచి ఉపశమన సేవ నర్సు ఒకరోజు వచ్చి దగ్గరుండి చేయించింది. మిగతా రోజులన్నీ అక్కే. మూడు రోజులు టర్పెంటైన్ దూది పెట్టి పురుగులు ఏరింది. గోలీ పొడితో వాసన తగ్గింది. తగ్గాక కోడలు గదిలోకి రావడం మొదలుపెట్టింది.

అన్ని రోజులూ అక్క నేల మీద గొంతుక్కూర్చొని, చేతులు పైకెత్తి పుండు కడిగింది. ఒకనాడు పటేలమ్మ మంచం పట్టె మీద చెయ్యి తట్టి, “ఈడ కూసోయే. నీ నడుము వడ్తది” అంది. అక్క గుమ్మంలో ఉన్న కోడలు దిక్కు చూసింది. చూసి, కూర్చుంది. అక్క బయటికి రాగానే కోడలు మంచం చుట్టూ పసుపు నీళ్లు చల్లింది.

“నీకెట్ల తెలుసు అక్కా?” అన్నాను.

“తెల్లారి పొయ్యేసరికి బండలు పచ్చగున్నయి తమ్మీ. పటేలమ్మ నా మొకం చూసి సిగ్గువడ్డది. నేను మళ్ల గాడనే కూసున్న.”

పటేలమ్మ ఒక తెల్లారుజామున పోయింది. అడుగులు చల్లబడటం, శ్వాస ఆగి ఆగి రావడం చూసి అక్కే ఇంట్లోవాళ్లను లేపింది. పటేలమ్మ చెయ్యి అక్క చేతిలోనే ఉంది. శ్వాస ఆగిపోయాక కోడలు, “ఇగ నువ్వు అవతలికి పో, తానం చేపియ్యాలె” అంది. అన్నాళ్లు ఆ ఒంటిని కడిగిన చెయ్యి ఆఖరి స్నానానికి పనికిరాలేదు. అక్క దొడ్డిదారిన బయటికొస్తుంటే ముందు వాకిట్లోకి మావాళ్లు డప్పులు కాపుకుంటూ వస్తున్నారు.

నీకు కోపం రాలేదా అని అడిగాను. అక్క చెప్పింది: “ఎందుకు రాలే? మీటింగులల్ల పుండుకు కులం లేదంటరు. ఎందుకు లేదు? నాయిన పుండు కాడికి ఎవరచ్చిండ్రు? పటేలమ్మ పుండు కాడికి నేను పోయిన. పుండుకు కులం ఉన్నది. నా పనికి ఉండొద్దని నేను పోయిన.”

2018 మార్చి 9న సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో తీర్పిచ్చింది. గౌరవంగా చనిపోవడం ఇరవై ఒకటో అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. నయం కాని స్థితిలో తనకు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కు మనిషికుంది అంది. 2023లో ఆ పద్ధతిని కొంత సులువు చేసింది. మంచి తీర్పే. నేను పిల్లలకు చెప్తాను. కానీ వైద్యం వద్దనే హక్కు వైద్యం అందినవాడికి కదా. మా వాడలో మనిషి గౌరవంగా చావాలంటే ముందు ఎవరో ఒకరు గడప దాటి లోపలికి రావాలె.

అందుకే విద్యార్థి మిత్రులకు, ఉద్యమ మిత్రులకు ఇది రాస్తున్నాను. మనం భూమి అడిగాం, చదువు అడిగాం, ఉద్యోగం అడిగాం. చావు దగ్గర మనకు రావాల్సింది ఇంకా అడగలేదు. మార్ఫిన్ మండలం దాకా రావాలని అడగాలె. పారితోషికం మీద బతికే ఆశాకు, కాంట్రాక్టు ఆయాకు జీతం, చేతులకు గ్లౌజులు అడగాలె. ఆఖరి రోజుల సేవ నేర్పే ప్రతి శిక్షణ పుస్తకంలో ఒక పాఠం ఉండాలని అడగాలె. వాడ మనిషి ఊరి మంచం పట్టె మీద, ఊరి మనిషి వాడ మంచం పట్టె మీద ఎట్లా కూర్చోవాలో చెప్పే పాఠం.

2024లో కొత్త జట్టుకు శిక్షణ పెట్టినప్పుడు పుండు కడిగి చూపించడానికి మా అక్కను పిలిచారు. హాలు మధ్యలో మంచం వేయించింది. గోడకు కూర్చున్న ఆయాలను ముందు కుర్చీల్లోకి పిలిచింది. రోగిగా పడుకొమ్మని ఒక ఆయాకు చెప్పింది. ఒక ఏఎన్ఎంను పిలిచి, “మేడం, మందు తర్వాత. ముందు ఈడ కూసోండ్రి” అంది. ఆ ఏఎన్ఎం ఒక నిమిషం నిలబడింది. కూర్చుంది. అక్క ఆమె చెయ్యి తీసి ఆయా చేతిలో పెట్టింది.

ఇప్పుడు మా వాడలో ఇంకొక ముసలాయనకు దౌడ పుండు. నాయిన జోడు. ఆదివారం అక్కతో పాటు నేనూ పోతాను. ఆయన తల నేను పట్టుకుంటాను. దస్తీ ఇంట్లో పెట్టి పోతాను.